నీలం డ్రమ్ములో దయ్యం

ఉప్పద్దిన చింతకాయ పేరెత్తగానే మీ నోట్లో నీళ్లూరాయా? అయితే మీకు పట్టిన దయ్యం పేరేమిటి?

మా పిన్నికి పట్టిన దాని పేరు ఊరంతా చెప్పేది. తొంభైల చివర్లో పత్తికి పచ్చపురుగు పట్టి, వారానికి రెండుసార్లు మందు కొట్టే రోజులవి. కొట్టేది బాబాయి, నీలం డ్రమ్ములో కలిపేది పిన్ని. రెండు మూడు రకాల మందులు ఒకేసారి పోసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పేది. కర్రతో తిప్పితే మందు సరిగా కలవదని మావాళ్ల సిద్ధాంతం. ఆ సీజన్లో రెండుసార్లు వాంతులై చేలోనే పడిపోయింది.

వేసవిలో, ఇంట్లో మందు చుక్క లేని రోజున, పెరట్లో బోర్లించిన డ్రమ్మును చూసి కక్కుకుంది. ఎప్పుడో చేని గట్టు మీద చచ్చిపోయిన ముసలమ్మ ఆ డ్రమ్ములో చేరి పిన్నిని పట్టిందని తేల్చారు. అమావాస్యకు వేపబరికెలతో కొట్టి దించుతానన్నాడు భూతవైద్యుడు.

నేనప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతూ సెలవులకు ఊరొచ్చాను, వాదం దొరికితే అన్నం మానేసే రకం. పక్కింటివాళ్లు కొత్తగా కొన్న నీలం డ్రమ్ములో మంచినీళ్లు పోసి పిన్ని ముందు పెట్టాను. పాపం, మళ్లీ కక్కుకుంది. ముసలమ్మ ఈ డ్రమ్ములోకి కాపురం ఎప్పుడు మార్చిందని భూతవైద్యుణ్ణి అడిగాను. ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇక అరుగెక్కి ఉపన్యాసం దంచాను. దీన్ని నిబంధిత ప్రతిచర్య అంటారు, డ్రమ్ము వెంట రెండుసార్లు వాంతి వచ్చేసరికి, ఇప్పుడు డ్రమ్ము కనబడితే చాలు, కడుపు ముందే సిద్ధమవుతోంది, చింతకాయకు నోరూరినట్టే అన్నాను.

బాబాయి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "అంటే రోగమేం లేదు, ఉత్త అలవాటేగా. వానలు పడ్డాక మందు కలపొచ్చన్నమాట."

పిన్ని మూతి తుడుచుకుని నా వైపు చూసింది. "ఏరా, ఆ భూతవైద్యుడు కొడతానన్నాడు, నువ్వు కక్కించావు. దయ్యానికి పేరు మార్చావు, బాగానే ఉంది. డ్రమ్ములో చెయ్యి మాత్రం మళ్లీ నాదేనా?"

నా ఉపన్యాసంలో నేను చెప్పకుండా మింగిన సగం ఇది. కడుపు ఈ పాఠాన్ని ఊరికే నేర్చుకోలేదు, అసలు విషం రెండుసార్లు ఒంటికెక్కాకే నేర్చుకుంది. ఈసారి నీ చెయ్యి పెట్టి కలుపు అన్నాను బాబాయితో. ఆయన కాసేపు తన చెయ్యి చూసుకున్నాడు. వానలు పడ్డాక కర్ర తెచ్చుకుని తనే కలిపాడు. మందు బ్రహ్మాండంగా కలిసింది.

మీ ఇంట్లో డ్రమ్మును చూసి ఎవరైనా కక్కుకుంటే దయ్యమనకండి, అలవాటని కొట్టిపారేయకండి. ముందు ఆ చేతిని మందులోంచి బయటికి తియ్యండి.