ప్రార్థనకి కొసరు

నాకు ప్రార్థన చేయడం బాగా వచ్చు. గొప్ప కోసం చెప్పడం లేదు, నా జబ్బు ఎక్కడ మొదలైందో తెలియాలని చెబుతున్నాను. మా నాన్న సబ్బవరం చుట్టుపక్కల పల్లెల్లో సైకిలు మీద తిరిగే సువార్తికుడు. నాకు ఏడేళ్ళప్పటి నుంచే పదిమందిలో నిలబెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యమనేవాడు. తడబడితే ఇంటికెళ్ళాక మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవాడు. పెళ్ళయి విశాఖపట్నం పోర్టు క్వార్టర్సుకి వచ్చేనాటికి నా నోట్లో ప్రార్థన కుళాయి తిప్పినట్టు వచ్చేది. గురువారం స్త్రీల కూడికలో పాస్టరమ్మగారు నా వైపు చూసి తల ఊపితే చాలు, లేచేదాన్ని. "కృపగల మా పరలోకపు తండ్రీ, గడచిన రాత్రంతా మమ్మల్ని కాచి, ఇంకా సజీవుల లెక్కలో ఉంచినందుకు నీకు స్తోత్రాలు" అని అందుకుంటే ఆమేన్ దగ్గరికి రావడానికి పది నిమిషాలు పట్టేది. ముసలమ్మలు కొంగుతో కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ పది నిమిషాలూ స్టవ్వు ఆర్పి వచ్చానా లేదా అని ఆలోచిస్తూ ఉండేదాన్ని.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఒక్క ముక్క వచ్చేది కాదు. మా ఆయన పోర్టు రైల్వేలో షిఫ్టు డ్యూటీ. ఆయన వెళ్ళాక తలుపు దగ్గరకి వేసి, మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. "కృపగల తండ్రీ" దాకా వచ్చి ఆగిపోయేది. ఆ మాట నాకే వినబుద్ధయ్యేది కాదు. లేచి దండెం మీద బట్టలు చూసుకునేదాన్ని. ఓడల్లోకి ఖనిజం ఎక్కించే రోజున ఎర్ర దుమ్ము వచ్చి తెల్ల బట్టల మీద పడేది. ఉతికినవే మళ్ళీ జాడించి ఆరేసేదాన్ని. వచ్చి మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. ఊడ్చిన ఇల్లే ఊడ్చేదాన్ని. మా ఆయన వచ్చి "ఏటే, ఇంట్లో ఇలగ తిరుగుతన్నావు? ఏదైనా పోయిందా?" అని అడిగేవాడు. పోయిందేమిటో తెలిస్తే వెతుక్కునేదాన్నే కదా. ఆయన మీద విసుక్కునేదాన్ని.

అటు పక్క ఉక్కు ఫ్యాక్టరీకి పునాదులు పడుతున్న రోజులవి. ఊళ్ళోకి కొత్త మనుషులు, కొత్త లారీలు, ఎవరి నోట విన్నా ఉద్యోగాల మాట. అందరూ ఎక్కడికో పోతున్నట్టూ, నేనొక్కదాన్నే నిలబడిపోయినట్టూ ఉండేది.

మా వీధికి రోజూ పొద్దున్నే చేపలు తెచ్చే ఆవిడ ఉండేది. ఒడ్డున జాలరిపేట మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. ఆవిడా నేనూ బేరం దగ్గర ఎప్పుడూ పోట్లాడుకునేవాళ్ళం. ఆవిడ చెప్పిన ధరకి నేను కొన్నట్టు నాకు గుర్తు లేదు. ఒకరోజు కానాగంతల బేరం తెగక, నేను తలుపు వేసెయ్యబోతుంటే ఆవిడ తట్ట ముందు కూర్చునే, బేరం వదిలేసి వేరే మాట ఎత్తింది.

"మా గుంటకి అయిదో నెలమ్మా. ఇంతకుముందు రెండు పోయినాయి. ఏడో నెల్లో ఒకటి, ఎనిమిదో నెల్లో ఒకటి. ఈసారి నిలబడతాదో నేదో."

ఆవిడ కూతురి సంగతి నాకు తెలిసింది అప్పుడే. స్టవ్వు మీద అన్నం పొంగుతోంది. ఎవరైనా కష్టం చెప్పుకుంటే మా వాళ్ళందరం అనే మాట ఒకటుంది. గుమ్మం దాటుతూ అంటాం, బస్సెక్కుతూ అంటాం, ఉత్తరం చివర రాస్తాం. నేనూ అదే అన్నాను.

"బాధపడకు అప్పా. నా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటానులే."

మాకు అది వెళ్ళొస్తానన్నంత మాట. ఆవిడకి ఆ సంగతి ఏం తెలుసు? నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత నేనడిగిన ధరకే చేపలు ఇచ్చి, పైన ఇంకో రెండు వేసింది.

"కొసరు అడగలేదు కదా" అన్నాను.

"మీ పార్దనకమ్మా."

అలా మొదలైంది. నెత్తళ్ళు తెస్తే ఒక దోసెడు ఎక్కువ, కవళ్ళయితే నాలుగు ఎక్కువ. వేసి ప్రతిసారీ "గురుతు సేసుకున్నారా?" అని అడిగేది. "ఆ, చేశాను" అనేదాన్ని. మొదటి రోజు ఆ అబద్ధానికి నాకేమీ అనిపించలేదు. రెండో రోజూ అనిపించలేదు. మా ఆయనకి చెబితే నవ్వాడు. అప్పట్నుంచి కంచం ముందు కూర్చుని "ఈయేళ పార్దన కూరేనా?" అని అడగడం మొదలుపెట్టాడు. పులుసు బాగా కుదిరితే ఆమేన్ అనేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నెల గడిచేసరికి నవ్వు రావడం మానేసింది. ఆవిడ కేక వీధి చివర వినపడగానే తలుపు వేసుకోవాలనిపించేది. ఆవిడ వెళ్ళాక, ఈరోజైనా చేసేద్దాం, ఒక్క మాటే కదా, అని కూర్చునేదాన్ని. "కృపగల తండ్రీ" దగ్గరే ఆగిపోయేది. అబద్ధం చెప్పిన నోటితో ఎలా అడుగుతాను? అడక్కపోతే రేపు మళ్ళీ అబద్ధం చెప్పాలి. గురువారం కూడికలో మాత్రం నా కుళాయి ఎప్పటిలాగే తిరిగేది. ఒకరోజు ఆమేన్ అన్నాక పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని "నీ ప్రార్థన వింటే మనసు తేలికవుతుందమ్మా" అన్నారు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను.

ఎనిమిదో నెల వచ్చింది. ఒక పొద్దున ఆవిడ తట్ట దించుతూనే, కూతురికి కాళ్ళు వాచిపోయాయనీ, పెద్దాసుపత్రిలో బీపీ ఎక్కువుందన్నారనీ చెప్పింది. బేరమూ లేదు, ఏమీ లేదు. తట్టలో అన్నిటికంటే పెద్ద చందువ తీసి నా గిన్నెలో పెట్టింది.

"ఈయేళ గట్టిగా సెప్పండమ్మా."

ఆ చందువని కడిగి, ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాశాను. మూకుడు స్టవ్వు మీద పెట్టి ముట్టించలేకపోయాను. ముక్కలన్నీ పక్కింటికి పంపేసి, ఆ పూట చారుతో సరిపెట్టాను. మా ఆయన ఆ రోజు ఎగతాళి చెయ్యలేదు.

మర్నాడు ఆవిడ వచ్చేసరికి నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను. తట్ట దించకముందే చెప్పేశాను.

"అప్పా, నేను ప్రార్థన చెయ్యలేదు. ఒక్కరోజు కూడా చెయ్యలేదు. నీకు అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆవిడకి కోపం రాలేదు.

"దేనికి సెయ్యనేదు? మీకొచ్చు కదా."

ఆవిడ తట్ట దించి, తల మీది చుట్టకుదురు తీసి మెట్టు మీద పెట్టుకుని కూర్చుంది. హార్బరు మొదట్లో పక్కపక్కనే మూడు కొండలున్నాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. కూతురు కడుపుతో ఉందని తెలియగానే మూడు కొండలూ ఎక్కిందట.

"గుళ్ళో పంతులుగోరు మంత్రం సదివేరు. దర్గాలో సాయిబుగోరు నెమలీకల కట్టతో దీవించేరు. మీ కొండ మీద ఎవుళ్ళూ నేరమ్మా. తలుపు తీసే ఉంది. నానెల్లి నిలబడ్డాను. ఏటనాలో తెల్దు. మాటల్రాక దిగిపోయినాను. అందుకే కదా మీకు సెప్పింది."

ఆ కొండ మీది చర్చి కేథలిక్కులది, మా సంఘానిది కాదు. అది ఆవిడకి చెప్పాలనిపించలేదు. ఖాళీ చర్చిలో, చేపల వాసన చీరతో, నోట మాట రాక నిలబడ్డ ఈ మనిషే కళ్ళ ముందు కనిపించింది. నోటినిండా మాటలున్నదాన్ని నేను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇప్పుడు సెయ్యండి. నాను కూకుంటాను" అంది.

ఇక తప్పించుకునే దారి లేదు. అక్కడే కళ్ళు మూసుకున్నాను. భయానికి నా పాత మాటలే వచ్చాయి. కృపగల తండ్రీ అన్నాను, సజీవుల లెక్క అన్నాను, నీ బిడ్డను నీ రెక్కల నీడలో దాచుము అన్నాను. గొంతు కూడా కూడికలో పలికినట్టే పలికింది. ఆమేన్ అని కళ్ళు తెరిచాను. ఆవిడ ఇంకా ఏదో వస్తుందని ఎదురుచూస్తోంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మా గుంట పేరు రానేదేటమ్మా అందులో?"

నాకు ఆ అమ్మాయి పేరు తెలియదు. మూడు నెలలు వాళ్ళ చేపలు తిన్నాను. ఎన్నో నెలో తెలుసు, కాళ్ళు వాచాయని తెలుసు, పేరు మాత్రం అడగలేదు.

"పేరు సెప్పకపోతే ఎవులనుకుంటాడు? ఊళ్ళో ఎంతమంది గుంటలు నేరు?"

అడిగాను. చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళింటి సంగతి. రెండోసారి కళ్ళు మూసుకుని ఆ పేరు చెప్పి, "ఈ అమ్మాయి బతకాలి. బిడ్డ బతకాలి. వాళ్ళమ్మకి భయంగా ఉంది. నాకూ భయంగా ఉంది" అన్నాను. అంతకంటే రాలేదు. అర నిమిషం కూడా పట్టి ఉండదు. ఆవిడ లేచి తట్ట ఎత్తుకుంటూ "ఇప్పుడు బాగుంది" అంది.

ఆ రోజు నుంచి నేను ఊరుకోలేదు. ప్రశాంతత ఏదో వచ్చేసిందని అబద్ధం చెప్పను, ముందుకంటే ఎక్కువే కంగారు పడ్డాను. బట్టలు జాడిస్తూ ఆ పేరు చెప్పేదాన్ని, బియ్యం ఏరుతూ చెప్పేదాన్ని, పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడి చెప్పేదాన్ని. మోకాళ్ళ మీద కూర్చునే తీరిక కోసం చూడలేదు. మధ్యలో నా సంగతులూ వచ్చేవి. అబద్ధాలాడానని చెప్పేదాన్ని, నీతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదని చెప్పేదాన్ని. అలాంటి మాటలు మా నాన్న నేర్పలేదు. గురువారం పాస్టరమ్మగారు తల ఊపితే, ఈవారం ఇంకెవరినైనా అడగండి అన్నాను. ఒంట్లో బాగోలేదా అని అందరూ వచ్చి పలకరించారు.

తొమ్మిదో నెల్లో ఆవిడ రావడం మానేసింది. ఒకరోజు, రెండు రోజులు, వారం. మిగతా చేపలవాళ్ళని అడిగితే ఆసుపత్రిలో ఉన్నారని మాత్రం చెప్పారు. రోజుకి పదిసార్లు వీధి చివరికి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. వంట మాడ్చాను, చీటికిమాటికి మా ఆయన మీద అరిచాను. "అడిగింది నువ్విచ్చావనే అనుకుంటున్నాను. ఇచ్చావు కదా?" అని దేవుణ్ణి నిలదీస్తూ తిరిగాను.

పదో రోజున వచ్చింది. తట్టలో చేపలున్నాయి, మరి ఇల్లు గడవాలి కదా. తట్ట దించి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"మగపిల్లాడమ్మా. పేనం నేకండానే ఒచ్చినాడు."

"అమ్మాయి?"

"బతికింది. గోడకేసి తిరిగి పడుకుంటంది. ఎవులితోనీ మాటాడ్డం నేదు."

చావు ఇళ్ళలో చెప్పడానికి కూడా మా దగ్గర సిద్ధంగా ఒక మాటుంది. దేవుని చిత్తం అంటాం. అది నాలిక చివరిదాకా వచ్చేసింది. పళ్ళు బిగించి ఆపుకున్నాను.

ఆవిడ నా వైపు తిరిగింది. మూడు కొండలెక్కిన మనిషి. నన్ను తప్పుపట్టడం లేదు, నిజంగానే అడుగుతోంది.

"ఇప్పుడేటి సెప్తారమ్మా ఆయనకి?"

"నాకు కోపంగా ఉంది అప్పా" అన్నాను. ఏడుపొచ్చింది. "చాలా కోపంగా ఉంది."

"మరయితే సెప్పండి."

"ఆయనకా? కోపంగా ఉందనా?"

"ఇంకెవులికి? నా ఒంతు కూడా కలిపి సెప్పండి."

కళ్ళు మూసుకోలేదు. తల మీద కొంగు వేసుకోలేదు. స్తోత్రాలూ వందనాలూ ఏవీ గుర్తు రాలేదు. "ఎందుకిలా చేశావు? ఇంత అడిగాం కదా. ఇద్దరం అడిగాం కదా" అని పక్క క్వార్టర్లవాళ్ళకి వినపడేలా అన్నాను. ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కొక్క మాటకీ అవునన్నట్టు తల ఊపింది. ఏడేళ్ళ వయసు నుంచి ఆయన్ని పిలుస్తూనే ఉన్నాను. ఆయన ఎదురుగా ఉండి వింటున్నాడని నాకు అనుమానం లేకపోవడం మాత్రం అదే మొదటిసారి.