తిన్నావా అంటే తిన్నానని

మా వీధిలో పలకరింపు అంటే ఒకటే మాట. పొద్దున తొమ్మిదింటికి ఎదురుపడినా, సాయంత్రం ఆరింటికి ఎదురుపడినా “తిన్నావా?” అంటారు. “తిన్నా” అంటాం. నిజంగా తిన్నామా లేదా అన్నది ఎవరికీ పట్టదు. కాపురానికి మాచర్ల వచ్చిన పదహారేళ్ళలో ఆ జవాబు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటానో. రెండేళ్ళ కిందట ఒక్కసారి మాత్రం అది నా మెడకు చుట్టుకుంది.

అప్పుడు మాకు పద్నాలుగు నాటుకోళ్ళు ఉండేవి. పెంచేది మా అత్త, ఊడ్చేది నేను. పెరట్లో పరిచిన నాపరాళ్ళ మీద ఎక్కడ కాలు పెట్టినా రెట్టే. ఇవన్నీ ఒక్కరోజులో మాయమైపోతే ఎంత హాయి అని చీపురు పట్టుకున్నప్పుడల్లా తిట్టుకునేదాన్ని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పొద్దున గంప ఎత్తేసరికి ఎర్రపెట్ట చచ్చి పడి ఉంది. ముందురోజు సాయంత్రం నా కాళ్ళ చుట్టూ తిరిగి నూకలు తిన్న కోడి. ఇంకో రెండు గోడవారగా రెక్కలు వేలేసి, కళ్ళు మూసుకుని నిలబడ్డాయి. మా అత్త వంగి చూసి “కొక్కెర” అంది. కోళ్ళకు వచ్చే ఆ తెగులు పేరు ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అది వచ్చిందంటే వాడలో కోడి మిగలదు.

“చచ్చిందాకా చూస్తా ఉంటారా? పానం ఉండగానే కోస్తే హలాల్ అయిద్ది. కత్తి తీసుకురారా” అని మా ఆయన మీద అరిచింది. ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూనే గానీ, కోపం వస్తే మాత్రం అందరికీ తెలుగే. తెగులు తగిలిన కోడిని పడిపోకముందే కోసుకోవడం మా దగ్గర వింతేమీ కాదు. బయటికి చెప్పుకోం, అంతే. మా ఆయన ఆ రెండింటినీ కోసి, చేతులు కడుక్కుని షాపుకు వెళ్ళిపోయాడు. ఆయన మెకానిక్. పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. షాపులో చోటు చాలకపోతే ఇంటికి కూడా తెచ్చి పెడతాడు.

పదిన్నరకల్లా పులుసు దిగింది. పక్కింటి పిన్ని కూతురు పురిటికి వచ్చి ఉంది. బిడ్డకు నలభై రోజులు. “బూబమ్మా, ఈసారి కోడిని కోస్తే మా పిల్లకి కాస్త పులుసు పెట్టు” అని పిన్ని వారం నుంచి మా అత్తను అడుగుతోంది. అందుకే కారం వేయకముందే ఆ పిల్లకని వేరే గిన్నెలో తీసి, “ముందు బాలింతకి ఇచ్చిరా, తర్వాతే మనం” అంది మా అత్త. అందులో ఉన్నది ప్రేమే. దానికి నేను సాక్షిని.

పిన్ని గడపలోనే ఎదురొచ్చింది. “ఏందే, ఇయ్యాల కోశారు? సుట్టాలొచ్చారా?”

“లేదు పిన్నీ, ఊరికే.”

“నువ్వు తిన్నావా?”

“తిన్నా” అన్నాను. గిన్నె ఆమె చేతిలో పెట్టి వచ్చి కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను.

పన్నెండు దాటాక పెరట్లో టపటపమని రెక్కలు కొట్టుకున్న చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే నాలుగు కోళ్ళు పక్కకు పడి కాళ్ళు తన్నుకుంటున్నాయి. ముక్కుల్లోంచి సొంగ కారుతోంది. ఒకదాన్ని ఎత్తుకునేలోపు నా కళ్ళముందే ఇంకోటి పడింది. పొద్దున పేగులు పారేసిన కుప్ప దగ్గర ఒక కాకి వెల్లకిలా పడి ఉంది.

పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఒకాయన మా ఆయనకు తెలుసు. ఆయనకు ఫోన్ చేశాను. అంతా విని, “కొక్కెరయితే ఇన్ని ఒక్కసారే ఇట్టా పడవమ్మా. కాకి అసలే పడదు. ఇంటి దగ్గర పురుగుమందు ఏమన్నా ఉందా?” అన్నాడు.

కుళాయి పక్కన స్ప్రేయర్ ఉంది. దుర్గి నుంచి ఎవరో రైతు మిరపచేలో మందు కొట్టి, కడగకుండా అలాగే తెచ్చి ఇచ్చింది. ముందురోజు మా ఆయన ట్యాంకులో అడుగున మిగిలింది కాలవలో పారబోశాడు. కోళ్ళు నీళ్ళు తాగే గుంట అక్కడే.

“ఉంది” అన్నాను.

“కోసినయ్యి ఎవరూ తినలేదు గదా?”

ఫోన్ పెట్టేశాను. మా వాటా పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలోనే ఉంది. మా ఆయన రెండింటికి అన్నానికి వస్తే అందరం తినాలని ఆగాం. దాన్ని ముట్టుకోవద్దని మా అత్తకు చెప్పి పరిగెత్తాను.

మా గుమ్మానికీ పిన్ని గుమ్మానికీ మధ్య పన్నెండు అడుగులు కూడా ఉండవు. ఆ కాస్త దూరంలోనే ఒక దొంగ ఆలోచన వచ్చింది. ఆ పిల్ల ఇంకా తినకపోతే, ఉప్పు తక్కువైందని చెప్పి గిన్నె వెనక్కి తెచ్చుకోవచ్చు, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు అని.

గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆ పిల్ల మంచం మీద బిడ్డకు పాలిస్తూ నవ్వింది. “చానా బాగుందక్కా. మొత్తం తినేశా.”

“పాలియ్యమాకే, ఆపు!” అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. కోళ్ళు జబ్బువని, మందు నీళ్ళు తాగాయేమోనని, మిగతావి చచ్చిపోతున్నాయని ఒక్క ఊపులో చెప్పేశాను. పిన్ని బిడ్డను లాక్కుని ఆటో కోసం రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఆ పిల్ల కళ్ళు చూశాడు, నాడి చూశాడు. వాంతి వస్తోందా, తల తిరుగుతోందా అని అడిగాడు. ఏమీ లేదంది. “ఇంకెవరు తిన్నారు ఆ కూర?” అన్నాడు.

పిన్ని నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. “ఈ పిల్ల తినింది సార్. మా దానికంటే ముందే తినింది. సూడండి, రాయల్లే నిలబడుంది. దీనికేం కాలేదు గదా?”

అంత గట్టిగా నా చెయ్యి ఎవరూ ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ నిమిషంలో ఆమెకున్న ధైర్యమంతా నేనే. డాక్టరు నన్ను ఎగాదిగా చూసి, “అయితే భయం లేదులే. ఇంటికి తీసుకెళ్ళండి, పాలు కూడా ఇవ్వొచ్చు” అంటూ చీటీ రాయబోయాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. పిన్నికి ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ ఇంటికి వెళ్ళగానే ఆ పిల్ల బిడ్డను రొమ్ముకు హత్తుకుంటుంది.

“నేను తినలేదు” అన్నాను.

“ఏందీ?” అంది పిన్ని.

“తినలేదు పిన్నీ. అడిగావని తిన్నానన్నా.”

“మీ ఇంట్లో?”

“ఎవ్వరం తినలేదు.”

ఆమె నా చెయ్యి వదిలేసింది. “మీరు నోట పెట్టకుండా నా బిడ్డకి పెట్టారన్నమాట” అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బాలింతకు ముందు పంపాలనుకున్నామని, మా ఆయన కోసం ఆగామని చెప్పబోయాను. రెండూ నిజాలే. కానీ మనసులో అనుకుంటుంటేనే నాకు అబద్ధాల్లా వినిపించాయి, ఇక పైకి చెప్పలేదు.

డాక్టరు చీటీ చింపేశాడు. సెలైన్ పెట్టించి, సాయంత్రం దాకా కదలొద్దని, పాలు ఇవ్వొద్దని చెప్పాడు. బిడ్డ చెంచాతో పోసిన డబ్బాపాలు ఊసేసింది. గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు ఆ పిల్ల జాకెట్టు పాలతో తడిసిపోయింది. పాలు పిండి గిన్నెలో పారబోస్తూ తనూ ఏడ్చింది. నేను వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. నన్ను ఎవరూ లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. మా ఆయన మీద, మా అత్త మీద, ఆఖరికి చచ్చిన కోళ్ళ మీద కూడా ఒళ్ళు మండిపోయింది. అందరికంటే ఎక్కువ నా మీద.

ఆరింటికి డాక్టరు మళ్ళీ వచ్చి చూసి, ఇక ఫరవాలేదని బిడ్డను తల్లి చేతికి ఇచ్చాడు. బిడ్డ పాలు గుటకలు వేస్తున్న చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. అప్పుడు ఏడ్చాను. వాళ్ళు నన్ను దాటుకుని ఆటో ఎక్కారు. నేను నడిచి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి పెరడు ఖాళీగా ఉంది. పది కోళ్ళు పోయాయి. ఒకదాన్ని పరీక్షకని పశువుల ఆసుపత్రికి ఇచ్చి, మిగతావాటిని మా ఆయన సున్నం చల్లి పాతిపెట్టాడు. పులుసు కూడా ఆ గుంటలోనే పోశాడు. వంటింటి మూల గుడ్ల మీద కూర్చున్న పొదుగుపెట్ట ఒక్కటే మిగిలింది. పరీక్షలో ఏం తేలిందో ఎన్నిసార్లు అడిగినా తెలియలేదు. కొక్కెరే అని మా ఆయన ఇప్పటికీ అంటాడు. ఆ రోజు నుంచి స్ప్రేయర్‌ను మాత్రం గడప తొక్కనివ్వలేదు నేను.

పిన్ని రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేది. రంజాన్ పండగనాడు ధైర్యం చేసి, సేమ్యా గిన్నె పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. బయటికి వచ్చి గిన్నె వంక చూసింది, నా వంక చూసింది.

“తిన్నావా?” అంది.

వీధిలో అందరూ అడిగే మాటే. పండగ కదా, పొద్దుటి నుంచి నాలుగిళ్ళలో తిని ఉన్నాను. అయినా జవాబు చెప్పలేదు. గిన్నె వంచి కాస్త సేమ్యా అరచేతిలోకి ఒంపుకుని, అక్కడే నిలబడి తిన్నాను. అది నా గొంతు దిగేదాకా పిన్ని చూసింది. అప్పుడు గిన్నె కోసం చెయ్యి చాపింది.