గాజు పలక మీద నలుసు

మా మేనత్త పోయిందన్న కబురు నేను బడిలో ఉండగా వచ్చింది. తమ్ముడు ఫోనులో "అత్త ఇంక లేదక్కా" అన్నాడు, అంతే. తొమ్మిదో తరగతికి కాంతి పాఠం చెబుతున్నాను. చాక్‌పీసు పెట్టేసి, చేతులు దులుపుకోబోయి ఆగిపోయాను. గదిలో చేతులు దులిపితే ఆమెకు పడదు. కిటికీలోంచి పడుతున్న ఎండలో సుద్దపొడి తేలుతోంది. అదంతా నేలకు దిగేదాకా అట్లాగే నిలబడ్డాను.

రాయచూరు బజారులో బట్టల దుకాణం నడిపిన కుటుంబం మాది. ఆ ఇంట్లో భౌతికశాస్త్రం చదివిన మొదటి మనిషి అత్త. నేను సైన్సు టీచరునయ్యానంటే ఆమె చలవే. బొంబాయి వైపు సీడీల కార్ఖానాలో కొన్నేళ్లు పనిచేసి, మామతో పెళ్లయ్యాక ఊరికి తిరిగొచ్చింది. మామ కృష్ణానది ఒడ్డున, బొగ్గుతో కరెంటు పుట్టించే థర్మల్‌లో, బూడిద ఎత్తిపోసే విభాగంలో ఉద్యోగి. అప్పుడే పత్తి వ్యాపారం చేసే ఒక సేటు ఊరి బయట సీడీల కార్ఖానా పెట్టాడు. కరెంటు పుట్టేచోట కరెంటుకేం కొదవ అనుకున్నాడు పాపం. మాస్టర్ డిస్కులు చేసే గదిని అత్త చేతిలో పెట్టాడు.

అంగడిలో దొరికే డిస్కులన్నిటికీ మూలం ఒక గుండ్రటి గాజు పలక. దాన్ని కడిగి, ఆరబెట్టి, వెలుతురు సోకితే మారిపోయే పూత పల్చగా పూస్తారు. లేజరు కిరణం నడుమ నుంచి అంచుదాకా చుట్లు చుట్లుగా ఆ పూత మీద రాసుకుంటూ పోతుంది. మందు పోసి కడిగితే కిరణం తగిలినచోటల్లా కంటికి కనబడని గుంటలు పడతాయి. దాని మీద నికెల్ ఎక్కించి, ఒలిచి, ఆ అచ్చుతో ప్రతులు తీస్తారు. తెల్ల వెలుతురు తగిలితే పూత చెడుతుంది కాబట్టి ఆ గదిలో ఎప్పుడూ పసుపు దీపాలే. ఒకసారి బయటి అద్దంలోంచి చూశాను. తల నుంచి కాళ్లదాకా తెల్లటి ముసుగులు, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. చెయ్యి ఊపాను. ఒక ముసుగు చెయ్యి ఊపింది. అది అత్తో కాదో ఇప్పటికీ తెలియదు.

ఆమె పౌడరు రాసుకునేది కాదు, కాటుక పెట్టుకునేది కాదు. మామ మల్లెలు తెస్తే పుప్పొడి రాలుతుందని గ్లాసు నీళ్లలో వేసి కిటికీలో పెట్టేది. మామ డ్యూటీ నుంచి వస్తే పెరటి వైపు నుంచే రావాలి. "అక్కడ్నే ఆగుండ్రి! తానం చేసినంకనే ఇంట్లకు" అని లోపలి నుంచే కేకేసేది. మామ నవ్వేవాడు. "అందరి పెండ్లాలు మొగుడు రాంగనే ఎదురొస్తరు. నా పెండ్లాం తలుపేస్తది."

ఒకసారి ఆయన అంగీ కాలరు మీది బూడిదను చిన్న డబ్బాలో పట్టుకుపోయి మైక్రోస్కోపు కింద చూసింది. వచ్చి నాతో సంబరంగా చెప్పింది. "మామూలు దుమ్ము వంకరటింకర ఉంటది. నూలుపోగు తాడు లెక్క ఉంటది. మీ మామ తెచ్చేది చూడాలె బిడ్డా, గుండ్రంగ, అచ్చం ముత్యాలే!" బొగ్గు మంటలో కరిగిన మన్ను గాలిలోనే గడ్డకట్టి సన్నటి గాజుపూసలవుతుందని అప్పుడే తెలిసింది నాకు.

మామ ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి వస్తూ బస్సులోనే కూలిపోయాడు. గుండె ఆగిందన్నారు. కర్మలయ్యాక అత్త మళ్లీ పనికి వెళ్లింది. తోడుగా నేను ఆమె ఇంట్లో ఉన్నాను.

అప్పుడే కార్ఖానాకు కొత్త రకం డిస్కు పని వచ్చింది. సీడీ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ పట్టేది. గుంటలు మరీ సన్నం, వరుసలు మరీ దగ్గర. సీడీ ఓర్చుకునే నలుసును అది ఓర్చుకోదు. మొదటి పలక మీద ఒక నలుసు పడింది. రెండోదాని మీదా పడింది. సేటు గాలి వడగట్టే జల్లెడలు మార్పించాడు, గోడలు తుడిపించాడు, తలుపుల సందులు మూయించాడు. ఈ ఆర్డరు పోతే యంత్రం అమ్మేసి అందరినీ ఇంటికి పంపడమేనన్నాడు. మూడో పలకా చెడింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని అత్త నెమ్మదిగా అంది. "బిడ్డా, మీ మామ వస్తుండు."

"ఏంది అత్తా, గట్ల మాట్లాడ్తవ్?"

"ఉన్నదే చెప్తున్న. గంత సాఫ్ జేసిన గదిల, అప్పుడే కడిగిన పలక మీద, ఒక్కటే నలుసు. గుండ్రంగ. ఇంకెవరు తెస్తరు చెప్పు?"

ఆమె మొహంలో భయం లేదు. నన్ను భయపెట్టింది అదే. ఆ వారమంతా పొద్దున్నే తొందరగా తయారై వెళ్లింది. తిరిగొచ్చి, "ఇయ్యాల అంచు దగ్గర కూసున్నడు" అని, చుట్టం సంగతి చెప్పినట్టు చెప్పేది.

కానీ ఆమె చదువు ఆమెను ఊరికే ఉండనియ్యలేదు. ఒకరోజు ముసుగు వేసుకునే ముందు, నుదుటి పైన వెంట్రుకల మొదట్లో టేపు ముక్క అంటించి తీసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. అవే గుండ్రటి పూసలు. ఇంటికొచ్చి నేరుగా పడకగదిలోకి వెళ్లి, దిండు కింద నుంచి మామ అంగీ తీసింది. ఆఖరి రోజు ఒంటి మీదున్నది. ఉతకనిది. రోజూ దాని మీద తల పెట్టుకుని పడుకుంటోందని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఆయన వస్తలేడు. నేనే మోసుకపోతున్న" అంది.

"బీరువాల పెట్టు అత్తా. ఉతకకు."

"బీరువాల ఉంటే తియ్యకుంట ఉంటనా?"

మరునాడు పొద్దున పెరట్లో, మామ స్నానం చేసే బండ దగ్గరే కూర్చుంది. నేను చెయ్యి వెయ్యబోతే వద్దంది. సబ్బు పెట్టకుండా ముందు ఉత్త నీళ్లలో ముంచి, చాలాసేపు పైకి తీయలేదు. "ఇన్నేండ్లు తలుపేసి ఆపిన. పోయినంక ఇంట్లకొచ్చి నా పక్కన పండుకున్నడు. ఇప్పుడు మళ్ల నేనే ఎల్లగొడ్తున్న" అంది. ఏడవలేదు. అంగీ పిండి ఆరేసి, దిండ్లు, దుప్పట్లు అన్నీ ఉతికి, కుంకుడుకాయలతో తలంటుకుంది. కార్ఖానాకు వెళ్లి, తప్పు తనదేనని అందరి ముందూ చెప్పింది.

పలక బాగొచ్చిందని మాత్రం ఇంట్లో చెప్పింది. మామ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ కార్ఖానా మరికొన్నేళ్లు నడిచి, డిస్కులు కొనేవాళ్లు లేక మూతపడింది. అత్త మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతూ బతికింది. జవాబు తప్పొస్తే, "ముందుగాల నీ చెయ్యి చూసుకో, తర్వాత పుస్తకాన్ని తిట్టు" అనేది.

ఆమెను ఆఖరి చూపు చూడ్డానికి కవితాళ అనే ఊరి నుంచి ఒకామె వచ్చింది. ఆ పసుపు గదిలో అత్త కింద పనిచేసిన కన్నడామె. అత్త కాళ్ల దగ్గర కూర్చుని, పలక బాగొచ్చిన రోజు సంగతి ఆమే నాకు చెప్పింది.

ఆ పలక తయారయ్యేసరికి పనివాళ్లంతా బయట అద్దానికి మొహాలు ఆనించి నిలబడ్డారట. అత్త మైక్రోస్కోపులో చూసింది. "ఏనిదె, మేడం?" ఏముంది అని ఈమె అడిగింది. "ఏం లేదు" అంది అత్త. ఈమె బయటివాళ్లకు చెయ్యెత్తి చూపింది. చప్పట్లు కొట్టారు, సేటు పాలకోవా పేడాలు తెప్పించాడు. అత్త మాత్రం కన్ను తీయలేదట. పలకను కొంచెం జరిపి చూసింది. ఇంకొంచెం జరిపి చూసింది. బయట అందరూ పేడాలు తిని పనుల్లోకి వెళ్లిపోయారు. ఆ పసుపు వెలుతురులో, తెల్లటి ముసుగులో, రెండు చేతులా అంచులు పట్టుకుని, ఏమీ లేని ఆ పలకను ఆమె ఇంకా జరుపుతూనే ఉందట.