నా మనవడు అనని మాటకు నేను చెప్పిన సాక్ష్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యం మన తెలుగు సహవాసపు పత్రిక కోసమే రాస్తున్నాను గానీ, నిజం చెప్పాలంటే ఇది నా మనవలిద్దరికీ, షారోన్‌కీ జోయెల్‌కీ. వాళ్ళకు తెలుగు చదవడం రాదు, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చదివి వినిపించాలి, వినిపిస్తాడో లేదో నాకు తెలియదు. వాళ్ళుండేది నోయిడాలో, నేనుండేది జనక్‌పురిలో మా అమ్మాయి ఇంట్లో, మధ్యలో రైలు మారే పని కూడా లేదు, ఒకే మెట్రో, అయినా ఈ ఏడాదిలో వాళ్ళు ఇక్కడికి వచ్చింది ఒక్కసారే. అందుకని మీ అందరి ముందూ కూర్చుని వాళ్ళతోనే మాట్లాడుకుంటాను, ఏమీ అనుకోవద్దు.

షారోన్, నీకు ఆరేళ్ళున్నప్పటి సంగతి ఇది. జోయెల్, నీకప్పుడే రెండు నిండాయి. మీ అమ్మ అనిత మళ్ళీ ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చిందని, నిన్ను చూసుకోవడానికి నేను చీరాల నుంచి వచ్చాను. పన్నెండో అంతస్తులో ఫ్లాటు, పొద్దున్నే మీ నాన్న క్యాబు, ఆ వెనకే మీ అమ్మ క్యాబు, అక్క స్కూలు బస్సు, నీకు రెండు గంటలు ప్లేస్కూలు, మిగతా పగలంతా నేనూ నువ్వూ, పనికొచ్చే దీదీ. నీకు నీళ్ళు కావాలంటే నా కొంగు పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కెళ్ళేవాడివి, బిస్కెట్ కావాలంటే నా చెయ్యి తీసుకెళ్ళి డబ్బా మీద పెట్టేవాడివి, నోట్లోంచి మాత్రం ఒక్క మాట లేదు. అమ్మా అని లేదు, అత్తా అని లేదు. ఆ వయసుకు మీ అక్క లిఫ్టులో ఎక్కినవాళ్ళందరినీ వరసలు పెట్టి పిలిచేది.

అందరూ తలా ఒక మాట చెప్పారు. పక్క ఫ్లాటు ఆంటీ, "మాజీ, లడ్కే దేర్ సే బోల్తే హైఁ, టెన్షన్ మత్ లో" అంది, మగపిల్లలకు మాటలు ఆలస్యమేనట. చీరాల నుంచి మా చెల్లెలు ఫోన్లో, "వస నాకించారా అక్కా వాడికి? ఢిల్లీలో దొరక్కపోతే చెప్పు, పంపిస్తా" అంది, అని ఊరుకోలేదు, వసకొమ్ము పంపించింది కూడా, తేనెతో అరగదీసి నీ నాలుకకు రాశాను, నువ్వు ఉమ్మేసి ముఖం నా చీరకు తుడుచుకున్నావు. దీదీ అయితే, "ఘర్ మే తీన్ తీన్ భాషా, బచ్చా క్యా బోలేగా అమ్మాజీ" అని, ఇంట్లో మూడు భాషలైతే పిల్లాడేం మాట్లాడతాడని నవ్వింది. నవ్వనిది మీ అమ్మ ఒక్కతే. ప్లేస్కూలు మేడమ్ చెవులు పరీక్ష చేయించమన్నారని, అపాయింట్‌మెంటు తీసుకుంటానని చెప్పింది.

"చెవులకేమైందమ్మాయ్, ఇదుగో చూడు" అని నేను వంటింట్లోంచి స్టీలు పళ్ళెమూ గరిటె తెచ్చి, నీ వెనక నిలబడి ఠంగున కొట్టాను. నువ్వు గిరుక్కున తిరిగావు. ఇంకేముంది, ఆ పళ్ళెంతో నేను డాక్టర్నైపోయాను. అంతటితోనూ నా నోరు ఊరుకోలేదు. "చెవులు బానే ఉన్నాయి, ఇంట్లో మాట్లాడేవాళ్ళుండాలిగా. నువ్వు ఆ ల్యాప్‌టాప్‌తో మాట్లాడేదాంట్లో సగం వీడితో మాట్లాడితే ఈపాటికి పాటలు పాడేవాడు. కడుపుతో ఉన్నప్పుడు మూడు నెలలు ఆరాధనకే రాకపోతివి, ఇప్పుడు డాక్టర్లంటే ఎట్లా" అన్నాను. నేను గొంతు పెంచి మాట్లాడే మనిషిని కాదు, మీకు తెలుసు. మెల్లగానే అన్నాను. మెల్లగా అన్న మాట ఎక్కువ లోతుకు దిగుతుందని నాకు అప్పుడు కూడా తెలుసు, తెలిసే అన్నాను.

ఆ తరువాత నలభై దినాల ఉపవాసం పట్టాను. ఒంటిపూట తిని, మధ్యాహ్నం నువ్వు ఆడుకుంటుంటే నీ పక్కనే మోకరించి పాటలు పాడి, నీ పెదవులకు నూనె రాసి ప్రార్థన చేసేదాన్ని. "ప్రభువా, నా మనవడి నోరు తెరువు నాయనా, నలుగురిలో తలెత్తుకుని నీ నామం చెప్పుకుంటాను" అని రోజూ ఇదే ప్రార్థన. ఆ ప్రార్థనలో నీ నోరు కంటే నా తల ఎక్కువ ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

సహోదరులారా, మన సహవాసంలో ఒక అలవాటుందని మీకు తెలుసు. అడిగినది దొరికిందని నమ్మి, దొరకకముందే లేచి సాక్ష్యం చెప్పడం. ప్రార్థన నడిపించే పెద్దాయన అదే నేర్పించారు, మనమూ అదే నేర్చుకున్నాం. ఆర్డరు చేతికి రాకముందే సొంతూరి దగ్గరికి బదిలీ అయిందని సాక్ష్యం చెప్పిన జవాను భార్యను నేను చూశాను, నెల తిరక్కుండా ఆ ఆర్డరు వచ్చింది కూడా. నలభయ్యో దినం ఆదివారమైంది. మనం అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో, ఫ్యాన్ల కింద, "ఎవరైనా విశ్వాసంతో లేస్తారా" అని పెద్దాయన అడిగితే నేను లేచాను. మైకు పట్టుకున్నాను. దేవుడు నా మనవడి నోరు తెరుస్తాడని నమ్ముతున్నాను అని చెప్పి ఉంటే సరిపోయేది. నేను అలా అనలేదు. "ఈ ఉదయం నా మనవడు మొదటిమాటగా యేసయ్యా అన్నాడు" అని చెప్పాను.

హాలంతా చప్పట్లు, స్తోత్రాలు. జోయెల్, మీ అమ్మ ఒళ్ళో నువ్వు బిస్కెట్ నములుతూ ఉన్నావు. ఆమె నా వంకే చూస్తోంది. ఒకరు మైకు తీసుకొచ్చి నీ నోటి దగ్గర పెట్టి, "బాబూ, ఒక్కసారి అనమ్మా, యేసయ్యా అను" అన్నారు, నువ్వు మైకును కొరికావు, అందరూ నవ్వారు, "పాపం, సిగ్గుపడుతున్నాడు" అన్నారు. మీ అమ్మ లేచి నిన్ను ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది.

షారోన్, తిరిగి వెళ్ళేటప్పుడు క్యాబులో నువ్వు నన్ను అడిగావు, "నానమ్మా, జోయెల్ కబ్ బోలా? మైనే తో సునా హీ నహీ" అని, తమ్ముడు ఎప్పుడన్నాడు, నేను విననే లేదే అని. నేను ఏం చెప్పానో నీకు గుర్తుందేమో. "నువ్వు నిద్రపోతున్నావమ్మా" అని చెప్పాను. ఒక అబద్ధం సంఘానికి, ఒక అబద్ధం ఆరేళ్ళ పిల్లకు, రెండూ ఒక్క పూటలో.

ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది. మీ నాన్న ఆపాడు. "అమ్మ అందరిలో సాక్ష్యం చెప్పింది అనితా, ఆ ఆస్పత్రిలో మనవాళ్ళు ఇద్దరు నర్సులున్నారు, ఇప్పుడు మనం పోయి వీడికి మాటలు రాలేదంటే ఏం బాగుంటుంది? కొన్నాళ్ళు చూద్దాం" అన్నాడు. "ఎవరికి బాగుండాలి?" అని మీ అమ్మ అడిగింది. నేను పక్కగదిలో కూర్చుని విన్నాను, లేచి వెళ్ళి "నేను అబద్ధం చెప్పాను, పిల్లాణ్ణి తీసుకెళ్ళండి" అని ఒక్క మాట అనడానికి నాకు పది అడుగుల దూరం, ఆ పది అడుగులు వెయ్యలేదు. ప్రతి ఆదివారమూ ఎవరో ఒకరు, "ఇంకా ఏమేం మాటలు వచ్చినయ్ అమ్మగారూ" అని అడిగేవారు, నేను ఒక్కో మాట కల్పించి చెప్పేదాన్ని. పాలు అంటున్నాడు, అక్క అంటున్నాడు.

అలా ఎనిమిది నెలలు. మాటలు పుట్టాల్సిన ఆ వయసులో, జోయెల్, నీకు లోపలున్నది చెప్పే దారి లేక నేల మీద పడి తల కొట్టుకునేవాడివి, అక్క చెయ్యి కొరికితే పంటి గాట్లు పడ్డాయి, ప్లేస్కూలు వాళ్ళు ఇక పంపించవద్దన్నారు. మొండివాడని నేను నీ వీపు మీద కొట్టాను కూడా.

చివరికి మీ అమ్మ ఆఫీసుకు సెలవు పెట్టి ఎవరితోనూ చెప్పకుండా నిన్ను తీసుకెళ్ళింది. సాయంత్రం వచ్చి ఫైలు భోజనాల బల్ల మీద పెట్టింది. రెండు చెవులూ సరిగా పనిచేయడం లేదట. తలుపు కొట్టినా పళ్ళెం కొట్టినా తెలుస్తుందట, మనిషి మాట మాత్రం గోడ అవతల గొణిగినట్టు ఉంటుందట. ఎప్పుడు అనుమానం వచ్చిందని డాక్టరు అడిగారట, మీ అమ్మ చెప్పిందట, అప్పుడే తీసుకురావాల్సిందమ్మా అన్నారట. మీ అమ్మ ఏడవలేదు, అరవలేదు. "అత్తయ్యగారూ, నలభై రోజులు మీరు వాడి పక్కన పాడిన పాటలు వాడికి వినపళ్ళేదండి. మీరు వాడితో అనిపించిన మాట కూడా వాడెప్పుడూ వినలేదు" అంది. అంతే.

మర్నాడు మధ్యాహ్నం నువ్వు నిద్రపోతుంటే నేను మోకరించాను గానీ నాకు ప్రార్థన రాలేదు. చాలాసేపటికి ఒక్కటే వచ్చింది, "తండ్రీ, నీ పేరు పెట్టి అబద్ధమాడాను, పసివాడి చెవుల మీద నిలబడి సాక్ష్యం చెప్పాను, నన్ను ఇందులోంచి బయటికి లాగు." నా విడుదల అక్కడ మొదలైంది. విడుదలంటే సంతోషమే అనుకుంటాం. నాది అలా లేదు. ఆదివారం లేచి మైకు అడిగి, ఆ రోజు నేను చెప్పింది జరగలేదు, ఆ తరువాత చెప్పిన మాటలూ జరగలేదు, వాడికి వినికిడి లేదు, నా వల్ల ఆలస్యమైంది అని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్దాయన మైకు తీసుకుని, "అమ్మగారికి ఒంట్లో బాగున్నట్టు లేదు, ప్రార్థన చేద్దాం" అన్నారు. విశ్వాసం పోగొట్టుకున్నావని అన్నవాళ్ళున్నారు, ఇప్పటికీ నా పక్క కుర్చీలో కూర్చోనివాళ్ళున్నారు, వాళ్ళూ ఇది చదువుతారు, చదవనివ్వండి. ఆ రోజు కంటోన్మెంటు నుంచి వచ్చే ఇంకో జవాను భార్య మాత్రం చంకలో పాపతో మెట్ల దగ్గర ఆగి, "ఏ డాక్టరమ్మా, పేరు చెప్తారా, మా దానికి కూడా ఇంకా మాటలు రాలేదు" అని అడిగింది. అందుకు దేవునికే మహిమ.

ఇంటికొచ్చి మీ అమ్మతో చెప్పాను, అందరిలో ఒప్పుకున్నానమ్మా అని. నన్ను దగ్గరికి తీసుకుంటుందనే అనుకున్నాను, దాచడమెందుకు. ఆమె నీకు అన్నం పెడుతూ, "మీకు తేలికైందండి. వాడి ఎనిమిది నెలలు ఎవరిస్తారు?" అంది. నెల తిరగకముందే నా సామాను జనక్‌పురి వచ్చింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమని కూడా ఎవరూ అనలేదు.

నీ చెవులకు మిషన్లు పెట్టారు. వారానికి మూడు రోజులు మాటలు నేర్పించే మేడమ్ దగ్గరికి మీ అమ్మ తీసుకెళ్ళింది. ముందు ఒక భాష గట్టిపడనివ్వండి అని ఆ మేడమ్ అన్నారట, స్కూల్లోనూ పార్కులోనూ దీదీతోనూ పనికొచ్చేదని హిందీ ఎంచుకున్నారు. ఇంట్లో తెలుగు ఆగిపోయింది. నాకు హిందీ కూరగాయల బండి వరకే వచ్చు. మేడమ్ దగ్గర నువ్వు మొదట ఏ మాట అన్నావో నాకు ఎవరూ చెప్పలేదు, అడిగే ముఖం నాకు లేదు.

మొన్న వానల్లో మీరంతా వచ్చారు. చెవుల వెనక నీలంరంగు మిషన్లతో గుమ్మంలో నిలబడ్డావు, పొడుగయ్యావు. మీ నాన్న, "నానమ్మ దగ్గరికి వెళ్ళు బేటా" అన్నాడు. నేను చేతులు చాచాను. నువ్వు మీ అమ్మ చున్నీ పట్టుకుని నా ముఖం సూటిగా చూసి, "నహీ. ముఝే నహీ జానా" అన్నావు. ఒక్క అక్షరం పోకుండా, స్పష్టంగా. మీ నాన్న కసిరాడు, మీ అత్త నవ్వి కప్పిపుచ్చాలని చూసింది. నేను, ఏమీ అనకండిరా వాణ్ణి అన్నాను. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

సహోదరులారా, దేవుణ్ణి నమ్మండి, ఆయన నమ్మదగినవాడు, నేను కాదు. ఆయన్ని కాపాడడానికి మన అబద్ధాలు అక్కర్లేదు. మీ ఇంట్లో రెండేళ్ళ బిడ్డ పేరు పెట్టి పిలిస్తే పలకకపోతే, పళ్ళేలు కొట్టి చూడకండి, రేపే చూపించండి, ఉపవాసముంటే ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఉండండి, అక్కడ కూడా ఆయన వింటాడు. కోడలి మీద నింద వేసి మోకరించకండి.

జోయెల్, నా చెవులతో నేను విన్న నీ మొదటి మాట అదే, నా దగ్గరికి రానన్నావు. నోరు తెరవమని నలభై దినాలు అడిగాను, తెరిచాడు, మాట ఇలా వచ్చింది. దానికి నేను దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నాను. ఈసారి విన్న తరువాతే చెల్లిస్తున్నాను. ఆమేన్.