‘ఆగండి’ అని నోటితో చెప్పాలి

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసి చెప్పాడు. మెసేజ్ పెట్టలేదు. పోర్ట్ బ్లెయిర్ ఆస్టినాబాద్‌లోని వాళ్ళింటి నుంచి ఉత్తరాన దూరపు దీవిలోని డిగ్లీపూర్‌లో ఉన్న మాకు లైన్ ఓ పట్టాన కలవదు; కలిసేదాకా చేస్తూనే ఉన్నాడట. “మెసేజ్‌లో తెలియనియ్యొద్దందిరా మీ వదిన. నోటితోనే చెప్పమంది,” అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.

వదిన డిజైన్ ప్రొఫెసర్. ఈ దీవుల్లోనే హోప్ టౌన్‌లో పుట్టి, మెయిన్‌లాండ్‌లో చదివి, అక్కడే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, మళ్ళీ దీవులకే వచ్చేసింది. కంప్యూటర్ నిర్ణయం తీసుకునే చోట అవతలి మనిషి ఏమైపోతాడన్నదే జీవితమంతా ఆవిడ పరిశోధన. కొత్త ప్రోగ్రామ్ ఏది తయారైనా ముందు జనం చేతికిచ్చి, పక్కన చాప మీద కూర్చునేది. “అర్థమైందా?” అని ఎవరినీ అడిగేది కాదు. అడిగితే మనవాళ్ళు మర్యాదకి “హా, సమఝ్ గయా” అనేస్తారు. ఆవిడ ప్రశ్న వేరు. చౌల్దారీ ఊళ్ళో ఒక ముసలమ్మను అడుగుతుంటే విన్నాను.

“మౌసీ, ఇది సూస్తే నీకేటి భయమేస్తంది?”

“తప్పు నొక్కితే మా ఆయన పింఛను ఆగిపోద్దేమో బేటీ.”

వదిన ఆ బటన్ తీయించేసింది.

నేను పత్రికల్లో అరిచే రకం, పాఠకులకు తెలిసిందే. ఇంట్లోనూ అంతే. ఆవిడ పేపర్లు దిద్దుకుంటూ తలెత్తకుండానే అనేది: “మరిదిగారూ, మీ గొంతుకి వాల్యూమ్ బటన్ ఎవులూ డిజైన్ చెయ్యలేదేటి?”

దూరపు దీవుల రోగుల్లో ఎవరిని ముందు హెలికాప్టర్‌లో పోర్ట్ బ్లెయిర్‌కి తేవాలో చెప్పే ప్రోగ్రామ్ ఒకటి వచ్చింది. దాని సలహా కమిటీలో వదిన ఉంది. అది ఎలా పనిచేస్తుందో చూపించిన రోజు నేనూ వెళ్ళాను. తెర మీద ఒక రోగి పేరు పక్కన ‘ఆగండి’ అని పడింది. నొక్కితే చాలు, ఇంటివాళ్ళకి మెసేజ్ పోతుంది. వదిన అది చూపిస్తున్న ఇంజనీరుతో మెల్లగా అంది: “భయ్యా, మెసేజ్ ఒద్దు. నేను ఆ పేషెంట్ కూతుర్ననుకో. ఫోన్ చేసి నువ్వే చెప్పు.”

అతను నవ్వుతూ చేశాడు. వదిన ఎత్తింది. “హలో, మా అమ్మకి సీటు దొరికిందా బాబూ?”

అతను తెర వైపు తిరిగాడు. “ఫైల్ ఇంకోసారి చూస్తాను మేడమ్,” అన్నాడు.

“నాకు కావాల్సింది అదే,” అంది వదిన. “భయపడ్డం తెలీనిది నిర్ణయం తీసుకోకూడదు.”

నెలల తరబడి పోట్లాడి ఒక నియమం పెట్టించింది. ‘రండి’ అని మెసేజ్ పంపొచ్చు. ‘ఆగండి’ అని మాత్రం డాక్టరే ఫోన్ చేసి నోటితో చెప్పాలి.

పోయిన వానాకాలం నా భార్యకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. యంత్రం ఆమెను ఆగమంది. ఆ సంగతి చెప్పడానికి డాక్టర్ ఫోన్ చేశాడు. ఎప్పుడూ వాదించే నాకు ఆ పూట వాదన లేకపోయింది. ఫోన్ తీసుకెళ్ళి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆ ఊపిరి విన్నాడాయన. “తయారుగా ఉండండి, పంపిస్తున్నాం,” అన్నాడు.

ఆసుపత్రి మంచం మీద ఉన్న వదినని చివరిసారి చూసినప్పుడు, “నువ్వు లేకపోతే ఆ నియమం ఉంటుందా వదినా?” అని అడిగేశాను. అడగకూడని మాటే.

“ఉండదు బాబూ. నువ్వు అరుస్తూనే ఉండు. ఈపాలి వాల్యూమ్ తగ్గించకు.”

సంతాపసభలో ఒక పెద్దమనిషి దండ వేసి, ఆవిడ జ్ఞాపకార్థం ఈ పద్ధతిని మరింత వేగంగా చేస్తామన్నాడు. ఫోన్ల వల్ల ఆలస్యమవుతోందట. ఎవరికండీ ఆలస్యం? లైన్ కలవకపోతే లైన్ బాగుచెయ్యాలి గాని, మాట్లాడే మనిషిని తీసేస్తారా? లేచి ఇదే అడిగాను. “భయ్యా, బైఠియే, శోకసభ హై,” అని వెనకనుంచి ఎవరో చొక్కా లాగారు. నేను కూర్చోలేదు. నా గొంతు వణికింది కోపంతోనని సభ అనుకుని ఉంటుంది. వదిన ఉంటే, “నీకేటి భయమేస్తంది?” అని అడిగేది.

వానలు మొదలయ్యాయి. నా భార్య పాదాలు మళ్ళీ వాస్తున్నాయి, పడుకుంటే ఆయాసం. ఈ ఉదయం ఇక్కడి డాక్టర్ హెలికాప్టర్ కోసం ఆమె పేరు పంపించాడు. నియమం ఉందో తీసేశారో అడిగితే ఎవరూ చెప్పడం లేదు. ఇదివరకు మెసేజ్ వచ్చిందంటే అది ‘రండి’ అనే. ఇప్పుడది ఏదైనా కావచ్చు.

మా ఇంట్లో సిగ్నల్ కిటికీ గట్టు మీదే దొరుకుతుంది. ఆమె ఫోన్ అక్కడ పెట్టి, మోత పూర్తిగా పెంచి, దిండుకి ఆనుకుని కూర్చుంది. ఇది రాస్తుండగానే, కిటికీ ఊచల మీంచి జల్లు కొడుతుంటే, ఫోన్ తెర వెలిగింది. రింగు కాదు, మెసేజ్ చప్పుడు ఒక్కటే. ఆమె నా వైపు చూసింది. తడిసిన ఫోన్ అద్దం కింద ఆ వెలుగు కాసేపుండి ఆరిపోయింది. ఇద్దరం ఇంకా లేవలేదు.