నలభై అయిదు పాయింట్ల మా బావగారు

మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, పోయారని మంగళవారం పొద్దున కొత్తగూడెం నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. మేము ఇప్పుడు దుమ్ముగూడెంలో ఉంటున్నాం. "మీ అన్న పోయిండట, జల్దీ రమ్మన్నరు" అని మా ఆయనతో అని బస్సెక్కాడు. ఏడాదిగా దగ్గుతో మంచం పట్టిన మనిషి. ఎదురుచూస్తున్న కబురే. అయినా నా నోట మొదట వచ్చిన మాట "అయ్యో, చెప్పనే లేదు" అని.

"ఏంది చెప్పలే?" అన్నాడు మా ఆయన. బట్టలు సర్దుకునే తొందరలో జవాబు కోసం ఆగలేదు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను. అయిదో తరగతితో బడి మానినదాన్ని, తప్పులుంటే చదివేవారు మన్నించాలి.

నేను కాపురానికి వచ్చేనాటికి అందరం కొత్తగూడెంలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం, బావగారు బొగ్గుబాయిలో పని చేస్తున్నారు. అక్క, అంటే ఆయన భార్య, అంతకు ముందే పోయింది. ఆయన మళ్ళీ చేసుకోలేదు. మా ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడకూడదు, మాట్లాడకూడదు. అందుకని ఆయన వాకిట్లోకి వస్తూనే ఒకసారి దగ్గేవారు, నేను లోపలికి తప్పుకోవడానికి. ఏ రోజూ మరిచిపోలేదు. నాకు చదవడం ఇష్టమని తెలిసి, కిరాణా పొట్లాలు విప్పినప్పుడు ఆ కాగితాలను అరచేత్తో సాపు చేసి కిటికీ గట్టు మీద పెట్టేవారు. ఆయనకు మాత్రం చదువు రాదు.

ఆయనకున్న ఒకే ఒక్క సరదా సైకిలు పందేలు. పందేనికీ డ్యూటీకీ ఒకటే సైకిలు. శనివారం సాయంత్రం క్యారియరు, స్టాండు, మడ్‌గార్డులు విప్పేవారు. ఆదివారం పందెం తొక్కి వచ్చి మళ్ళీ బిగించేవారు, సోమవారం అన్నం డబ్బా పెట్టుకోవాలి కదా.

కొత్తగూడెం యువజన సంఘం చలికాలం మొదలు ఎండలు ముదిరేదాకా ఎనిమిది పందేలు పెట్టేది. పాల్వంచకు పోయి రావడం ఒకటి, భద్రాచలం వంతెన దాకా ఒకటి, ఇలాగ. కప్పు ఏ ఒక్క పందేనికో కాదు. మొదట వచ్చినవాడికి పది పాయింట్లు, రెండోవాడికి ఎనిమిది, మూడోవాడికి ఆరు, నాలుగోవాడికి అయిదు, అట్లా తగ్గుతూ పోయేవి. ఎనిమిది పందేలూ కలిపి ఎవరికి ఎక్కువ వస్తే వాళ్ళకు కప్పు.

ఆ సంగతులున్న అచ్చు కాగితం తెచ్చిన రోజు బావగారు వరండాలో కూర్చున్నారు, నేను తలుపు చాటున. మధ్యలో మా అత్తమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మా, మూడోదానికి ఎన్నంట అడుగు" అన్నారాయన.

"మూడోదానికి ఎన్నే పిల్లా?"

"ఆరు అత్తమ్మా."

"ఆరటరా."

మా మధ్య నాలుగు మూరల దూరం లేదు. నా మాట ఆయనకు వినిపిస్తూనే ఉంది. అయినా అత్తమ్మ చెప్పేదాకా విననట్టే కూర్చునేవారు. ముందు వైపు చదవడం అయ్యేసరికి పొయ్యి మీద పాలు పొంగాయి, లేచిపోయాను. వెనక వైపు ఒక్కటే వాక్యం ఉంది. అది తర్వాత నేనొక్కదాన్నే చదువుకున్నాను. చివరి పందేనికి వచ్చి సంతకం పెట్టి బయలుదేరనివారి పాయింట్లన్నీ కొట్టివేయబడును. మంత్రులో, ఆఫీసర్లో చూడవచ్చే పందెం అదొక్కటే. ఆ రోజు జనం తగ్గకూడదని పెట్టిన షరతు. ఒక్క పందెమూ మానని మనిషికి ఇది చెప్పేదేముంది అనుకుని కాగితం అలమరలో పెట్టాను.

బావగారు ఎప్పుడూ మొదట రాలేదు. రెండో, మూడో, ఒకసారి నాలుగు. "ఫస్టు రానోడివి కప్పెట్ల గొడ్తవే?" అని వీధిలో ఎగతాళి చేసేవారు. "ఫస్టు ఒక్కనాడు ఎవడన్న వస్తడు. మూడోది ప్రతి పందెంల రమ్మను సూద్దాం" అనేవారు ఆయన. ఏడు పందేలు అయ్యేసరికి ఆయనకు నలభై అయిదు. ఆయన వెనకున్న కాలేజీ పిల్లగాడు మూడుసార్లు ఫస్టు వచ్చాడు కానీ మూడు పందేలు మానేశాడు. అతనికి ముప్పై నాలుగే.

ఆఖరి పందెం నాడు అత్తమ్మ బోనకల్‌లో కూతురింట్లో ఉంది. మా ఆయన పందెం ముగిసేచోట ఏర్పాట్లు చూడడానికి ముందురోజే భద్రాచలం పోయాడు. తెల్లవారుతుండగా బావగారితో పని చేసే ఆయన పరుగున వచ్చాడు.

"అన్నా, మా ఇంటామెకు నొప్పులొస్తున్నయి, దవాఖానకు తీస్కపోవాలె. నా డ్యూటీ సూడవా?"

"పోరా పో. నేను ఆనికి పదకొండు ముందున్న. ఆడు ఫస్టొచ్చినా పదే గద. ఇయ్యాల తొక్కకపోయినా కప్పు నాదే."

ఆయన నవ్వు కూడా నాకు వినిపించింది. కాగితం వెనక వైపు వాక్యం గుర్తొచ్చి గరిటె పక్కన పెట్టాను.

క్యారియరు మళ్ళీ బిగిస్తున్న చప్పుడు మొదలైంది. పక్కింటి పిన్ని కుళాయి దగ్గర ఉంది. ఆమెను పిలవాలంటే వరండాలో ఆయన ముందు నుంచే పోవాలి. తలుపు దాకా వెళ్ళి గాజుల చప్పుడు చేశాను. రెంచీ ఆగింది. "ఏమన్న గావాల్నామ్మా?" అని గోడవైపు తిరిగి అడిగారు. కాపురానికి వచ్చి ఆరు నెలలైన కోడలిని. గొంతు పెగల్లేదు. ఆయన మళ్ళీ పనిలో పడ్డారు.

అప్పుడు ఆ కాగితం తీసి, వెనక వైపు పైకి వచ్చేలా మడిచి, అన్నం డబ్బా కింద గట్టు మీద పెట్టాను. చదువు రాని మనిషికి కాగితం పెట్టాను. ఆయన దాన్ని డబ్బాకు చుట్టి, క్యారియరుకు కట్టుకుని, పెడలు మీద కాలేసి పోయారు.

సాయంత్రం మా ఆయన మండిపడుతూ వచ్చాడు. "నలభై అయిదూ గొట్టేసిన్రు! ఒక్క సంతకం పెట్టి నాలుగడుగులు తొక్కితే అయిపోతుండె. ఆ కాయితం నీకు సదివిందెవరు?"

నేను తలుపు చాటునే ఉన్నాను.

"అంతా సదివిన్రు. నేనే మరిచిన" అన్నారు బావగారు.

మర్నాడు బట్టలు ఉతుకుతుంటే ఆయన చొక్కా జేబులో ఆ కాగితం దొరికింది, పచ్చడి నూనె మరకలతో. వెనక వైపు పైకే మడిచి ఉంది. బాయిలో అన్నం తినేటప్పుడు ఎవరో చదివి చెప్పారన్నమాట. అప్పటికి భద్రాచలంలో కప్పు ఇవ్వడం కూడా అయిపోయి ఉంటుంది.

ఆ తర్వాత ఆయన పందెం తొక్కలేదు. కాళ్ళల్లో బలం లేదనేవారు. డ్యూటీకి మాత్రం అదే సైకిలు మీద, అదే వేగంతో పోయేవారు. పొట్లం కాగితాలు గట్టు మీద పెట్టడం మానలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఒక్క మాట విసుక్కున్నా నా గుండె కొంత తేలికయ్యేదేమో.

పోయిన వేసవిలో కొత్తగూడెం దవాఖానకు గంజి తీసుకుపోయాను. అత్తమ్మ మందులకు వెళ్ళింది. నన్ను చూసి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు, నాకు ఇబ్బంది కలగకూడదని. దగ్గారు. అది జబ్బు దగ్గో, నాకోసం దగ్గిన దగ్గో తెలియలేదు. ఎముకలు తేలిన ఆ వీపును చూస్తూ నిలబడ్డాను. ఆ షరతు సంగతి చెప్పుకోవడానికి అక్కడ అడ్డుపడ్డవారు ఎవరూ లేరు. నేనే. "గంజి ఆడ పెట్టమ్మా" అన్నారు. పెట్టి వచ్చేశాను.

మంగళవారం మధ్యాహ్నానికి కొత్తగూడెం చేరాం. ఆయనను వరండాలో పడుకోబెట్టారు. అత్తమ్మ గొంతు పోయి ఊరికే కూర్చుంది. నేను మామూలుగా తలుపు వెనక్కి పోబోతుంటే వీధిలో పెద్దామె ఒకావిడ చెయ్యి పట్టి లాగింది.

"ఏడికే? ఇగ సిగ్గేంది? ఇప్పుడు తప్పులేదు. పిలిచి ఏడువు."

ఆయన ముఖం అంత దగ్గరగా చూడడం అదే మొదలు. కనుబొమ్మ మీద బొగ్గు మరకలాంటి నల్లటి మచ్చ ఉంది. అన్నేళ్ళూ ఒకే ఇంటి మనిషినై ఉండి నాకు తెలియదు.

"బావా" అన్నాను. గొంతు వచ్చింది. "ఆఖరి పందేనికి పోవాలె బావా. పోయి సంతకం పెట్టాలె బావా. లేకుంటే అన్నీ కొట్టేస్తరు బావా."

మా ఆయన తలెత్తి నావైపు చూశాడు. పెద్దామెకు ఏమీ అర్థం కాలేదు. సైకిలు మనిషి కనుక అట్లా ఏడుస్తున్నాననుకుంది. నా మాటలనే రాగం తీసి అందుకుంది. "ఆఖరి పందేనికి పోవాలె కొడకా, సంతకం పెట్టాలె కొడకా" అంటూ పక్కావిడ కలిసింది, ఆమె పక్కామె కలిసింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఊగుతూ, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా ఆయనకు ఆ షరతు చెబుతూనే ఉన్నారు.