ఘాటు రాని మిరపకాయలు

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. దయ్యాలంటూ ఉంటే ముందు మా వార్డులోనే కనపడాలి. నా సర్వీసులో కళ్ళ ముందే పోయినవాళ్ళని చూశాను. వాళ్ళ మంచం తుడిచి, కొత్త దుప్పటి పరిచి, ఆ పక్కనే నిలబడి టీ తాగాను. ఒక్కళ్ళూ తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. దిష్టి, గాలి, సోకు అంటే నాకు నవ్వొచ్చేది. ఈ విషయంలో మా అత్తగారితో పెళ్ళైన కొత్తలోనే వాదించి, ఆ తర్వాత ఓపిక లేక ఊరుకున్నాను.

అలాంటిదాన్ని ఇది రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి, జరిగింది జరిగినట్టే చెప్తాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా ఆయన మిర్చి వేస్తారు. ఇంట్లో మేమిద్దరం, అత్తగారు, మా అమ్మాయి హర్షిత. అప్పుడది మూడో తరగతి. నేను రోజూ స్కూటీ మీద గుంటూరు వెళ్ళి డ్యూటీ చేసి వస్తాను. కరోనా రాగానే నన్ను కోవిడ్ వార్డులో వేశారు. అత్తగారికి షుగరు, పైగా ఆయాసం. అందుకని నేను ఇంటికి రాగానే పెరట్లోనే స్నానం చేసి, బట్టలు వేడినీళ్ళలో పడేసి, ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టేదాన్ని.

బళ్ళు మూసి చాలా నెలలైంది. పాఠాలు ఫోన్లో చెప్పేవారు. ఇంట్లో ఉన్న మంచి ఫోను నాది, అది నాతోపాటు డ్యూటీకి వచ్చేది. ఇంకేం చదువు? గడగడా చదివే పిల్ల కూడబలుక్కుని చదివే స్థితికి వచ్చింది. ఒకరోజు పేరు రాయమంటే మధ్యలో ఆగి నా మొహం చూసింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఊరందరి పిల్లల ప్రాణాలకీ నేను కావాలి, నా పిల్ల చదువుకి మాత్రం నేను లేను.

అప్పుడే చిన్న తరగతులు కూడా సోమవారం నుంచి తెరుస్తున్నారని కబురొచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకి మాత్రం గుండెల్లో రాయి పడింది.

"అమ్మ అసలే ఆయాసం మనిషి. నువ్వు వార్డు నుంచి తెస్తావో, పిల్ల బడి నుంచి తెస్తుందో తెలీదు. రెండు వైపులనుంచీ అంటే ఆవిడ తట్టుకోలేదు. నీ డ్యూటీ అన్నా మానెయ్, దాని బడన్నా మాన్పించు. సోమవారం పొద్దునకల్లా తేల్చి చెప్పు," అన్నారు.

కోపంతో అనలేదు, ఆయన భయం ఆయనది. కానీ ఆ మాటతో నాకు నిద్ర కరువైంది. డ్యూటీ మానితే వార్డులో నా వంతు పని చెయ్యడానికి ఇంకో మనిషి లేదు. బడి మాన్పిస్తే పిల్ల చదువు అటకెక్కినట్టే. ఏది మానినా ఓడిపోయేది నేనే.

అది మిర్చి సీజను. కోసిన కాయ కల్లంలో ఎండుతోంది. కాపలాకి ఆయన కల్లంలోనే పడుకునేవారు. హర్షిత కూడా పగలంతా నాన్న దగ్గరే ఉండేది. బయలు గాలి కదా అని ఎవరం వద్దనలేదు. ఆ రోజుల్లో మా ఊళ్ళో దగ్గని మనిషి ఉండడు. కాయ ఆరబోసినా, రంగు పోయిన తాలుకాయ ఏరినా, బస్తాలకెత్తినా ఆ ఘాటుకి ఊరు ఊరంతా దగ్గుతుంది, తుమ్ముతుంది. ఎవరు దగ్గినా "కాయ ఘాటు" అని మంచినీళ్ళిస్తాం. నర్సునైన నేనూ అంతే అనుకునేదాన్ని.

అత్తగారు రోజూ సాయంత్రం నాకూ హర్షితకీ దిష్టి తీసేవారు. గుప్పెడు ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు మా చుట్టూ తిప్పి, పెరట్లో నీళ్ళు కాచే పొయ్యిలో నిప్పుల మీద పడేసేవారు. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు ఆవిడ లెక్క. మా ఇంటి కాయకి ఘాటు రాకపోవడమనేది లేదు. ముగ్గురం కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గేవాళ్ళం. గోడవతల నుంచి పక్కింటి మస్తాన్‌బీ, "పిన్నీ, మమ్మల్ని ఇంట్లో ఉండనిస్తావా, లేదా!" అని అరిచేది. ఇది రోజూ జరిగే తంతే.

ఆ ఆదివారం కూడా అలాగే తీశారు. ఇంకా వెలుగుంది. నిప్పులు ఎర్రగా ఉన్నాయి. ఉప్పు చిటపటలాడింది, కాయలు ఉబ్బి, నల్లబడి, తెల్లటి పొగ లేచింది. నేను అలవాటుగా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

ఘాటు రాలేదు.

కొంగు తీశాను. పొగ నా మొహం మీదికే వస్తోంది. ఎండుగడ్డి కాలిన వాసన తప్ప ఏమీ లేదు. అత్తగారి మొహం వెలిగిపోయింది. "చూశావా! ఎంత దిష్టి ఉందో! ఆ వార్డులో అన్ని ఏడుపుల మధ్య తిరుగుతుంటే తగలదూ?" అన్నారు.

నా ఆలోచన మాత్రం వేరే వైపు వెళ్ళింది. వాసన తెలియకపోతే దాని అర్థమేంటో ఆ రోజుల్లో ఎవరినడిగినా చెప్తారు. పరుగున వెళ్ళి కాఫీ పొడి తెచ్చాను. నాకు వాసన తెలిసింది. హర్షిత కళ్ళు మూసుకుని కాఫీ పొడీ, ఇంగువా, సబ్బూ అన్నీ సరిగ్గా చెప్పింది. అత్తగారూ చెప్పారు. అత్తగారు దిష్టికి కాయలు తెచ్చిన గిన్నెలోంచే ఓ మిరపకాయ తుంచి నాలిక మీద పెట్టుకున్నాను. మంట నషాళానికెక్కింది. కాయలో లోపం లేదు, మా ముక్కుల్లో లోపం లేదు. ఇంకో గుప్పెడు తీసి నా చేత్తో నేనే నిప్పుల్లో వేశాను. మళ్ళీ అంతే, పొగ ఉంది కానీ ఘాటు లేదు. హర్షితకి అదో ఆటైపోయి పొగలో చెయ్యి ఊపి నవ్వింది.

ఇంతలో గోడవతల నుంచి మస్తాన్‌బీ, "ఏం పిన్నీ, ఇవాళ దిష్టి తియ్యలా? ఒక్క తుమ్మైనా రాలా మాకు!" అంది.

ఆ మాటకి ముగ్గురం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మామూలుగా ఆ వేళకి అందరం దగ్గుతో ఊగిపోతుండాలి. ఎవరి దగ్గు ఎవరిదో తెలిసేది కాదు. ఆ రోజు పెరడంతా నిశ్శబ్దంగా ఉంది.

అప్పుడు హర్షిత దగ్గింది. కాసేపాగి మళ్ళీ దగ్గింది. చిన్న దగ్గే, పొడి దగ్గు, గొంతులోంచి కాదు, ఇంకా లోపలి నుంచి. ఆ దగ్గు నాకు తెలుసు. వార్డులో నేను రోజంతా వినేది అదే.

మర్నాడు పొద్దున పిల్ల యూనిఫాం వేసుకుని, సంచీ తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. అది ఏడుస్తున్నా వినకుండా, అత్తగారితో పాటు ఊరి ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి ముగ్గురికీ పరీక్ష చేయించాను. నాకు లేదు. అత్తగారికి లేదు. హర్షితకి ఉంది. జ్వరం లేదు, నీరసం లేదు, గెంతుతున్న పిల్ల. అలాగే బడికి పంపి ఉంటే ఆ రోజు దాని పక్కన ఎంతమంది కూర్చునేవాళ్ళో! దాని టీచరు నిండు గర్భిణి.

ఆయన్నీ పిలిపించి చేయించాను. సీజను మొదలైనప్పటి నుంచీ కాయ ఘాటంటూ దగ్గుతున్న మనిషి. ఆయనకీ ఉంది.

అంటే జబ్బు నా వార్డు నుంచి రాలేదు, ఇంకా తెరవని బడి నుంచీ రాలేదు. ఎవరమూ అనుమానించని కల్లం నుంచి, దగ్గు మాటున దాక్కుని వచ్చింది.

అత్తగారిని మస్తాన్‌బీ తన ఇంట్లో పెట్టుకుంది. ఆయన వెనక గదిలో, నేనూ హర్షితా ముందు గదిలో ఉన్నాం. మస్తాన్‌బీ భర్త కల్లం చూసుకున్నాడు. ఇంట్లో కరోనా ఉందని ఆసుపత్రివాళ్ళు నన్నూ డ్యూటీకి రావద్దన్నారు. ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే పెరట్లోకి వెళ్ళి, అదే గిన్నెలో మిగిలిన కాయలు, అదే పొయ్యిలో వేశాను. అంతే! ఊపిరాడలేదు. గోడవతల నుంచి అత్తగారూ మస్తాన్‌బీ ఇద్దరూ కలిసి దగ్గుతూ నన్ను తిట్టిన తిట్లు వీధంతా విన్నది. వాళ్ళిద్దరికీ ఆ తర్వాత మళ్ళీ పరీక్ష చేయించాను. ఏమీ లేదు.

ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ ఫోను పూర్తిగా నా పిల్లదే, నేనూ దానిదాన్నే. పొద్దున వాచకం, మధ్యాహ్నం లెక్కలు. ఒకరోజు కథ మొత్తం ఎక్కడా ఆగకుండా చదివి, పుస్తకం మూసి, గర్వంగా నా వైపు చూసింది. దాన్ని ఎత్తుకుని గిరగిరా తిప్పాను. వెనక గదిలోంచి ఆయన చప్పట్లు కొట్టారు.

మా డాక్టరుగారికి చెబితే గాలి వాటమై ఉంటుందమ్మా అన్నారు. పొగ నా మొహం మీదికే వచ్చిందన్నాను. నిప్పు సరిగ్గా రాజుకుని ఉండదన్నారు. కాయలు బొగ్గులయ్యాయన్నాను. అత్తగారేమో అది దిష్టే అంటారు. దిష్టైతే పిల్లని కాపాడుతుందా అంటే నన్ను కసిరి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతారు. ఆ ఒక్క సాయంత్రం ఆ కాయల ఘాటు ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అందరికీ తగ్గింది, అత్తగారూ ఇంటికి వచ్చేశారు. ఆ తర్వాత వచ్చిన సోమవారం పొద్దున నేను డ్యూటీకి, హర్షిత బడికి తయారై స్కూటీ ఎక్కాం. ఆయన గేటు దగ్గర నిలబడి మెల్లగా, "ఇంకోసారి ఆలోచించరాదూ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి అత్తగారి గొంతు ఖంగున మోగింది.

"ఒరేయ్, జబ్బు దాని డ్యూటీ నుంచీ రాలా, పిల్ల బడి నుంచీ రాలా. నీ కల్లం నుంచి వచ్చింది. ఎవరైనా మానాలంటే ముందు నువ్వు మిర్చి మానరా!"

మస్తాన్‌బీ గోడమీదుగా పకపకా నవ్వింది. ఆయనా నవ్వేసి గేటు బార్లా తీశారు. బడి ముందు ఆపితే హర్షిత చెయ్యైనా ఊపకుండా లోపలికి పరుగెత్తింది. నేను గుంటూరు రోడ్డెక్కాను.